తాళంచెవి ఎవరి దగ్గర?

దూరదర్శన్, ఆకాశవాణి అధికార పక్షానికి బాకా ఊదుతున్నాయన్న ఫిర్యాదు పాతదే. ఫిర్యాదు చేసే పార్టీయే మారుతూ ఉంటుంది. ఎమర్జెన్సీ నాటి ఆకాశవాణిని ప్రతిపక్షాలు ‘ఆల్ ఇందిరా రేడియో’ అన్నాయి. 2014 ఎన్నికల వేళ, యూపీఏ పాలనలో, నరేంద్ర మోదీ ఇంటర్వ్యూలో కొన్ని భాగాలను దూరదర్శన్ కత్తిరించిందని బీజేపీ మండిపడింది. అదే ఏడాది అక్టోబరులో ఆరెస్సెస్ అధినేత విజయదశమి ప్రసంగాన్ని దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపితే కాంగ్రెస్, వామపక్షాలు మండిపడ్డాయి.

ప్రభుత్వాలు మారినా తెగులు మారలేదంటే, అది వేరులో ఉందన్నమాట. ఈ రెండింటినీ నడిపే ప్రసార భారతి జీతాలకు, కొత్త పరికరాలకు అయ్యే సొమ్ములో పెద్ద భాగం కేంద్ర బడ్జెట్ నుంచి సమాచార, ప్రసార శాఖ ద్వారా వస్తుంది. 2023 జనవరిలో ఆధునికీకరణకు 2,539 కోట్ల రూపాయలు మంజూరు చేసిందీ కేంద్ర మంత్రివర్గమే. ఖజానా తాళంచెవి మంత్రి దగ్గర ఉన్నంతకాలం మంత్రికి నచ్చని వార్త చదవడానికి ఏ సంపాదకుడికైనా నోరు ఎలా పెగులుతుంది?

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఆ కేసులో విడిగా తీర్పు రాసిన మన తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి, ప్రసార సాధనాలపై అదుపు ఉండాల్సింది ప్రజలకని, ప్రజలూ ప్రభుత్వమూ ఒకటి కాదని స్పష్టం చేశారు. 1990లో పార్లమెంటు ఆమోదించిన ప్రసార భారతి చట్టం అమల్లోకి రావడానికి 1997 దాకా ఆగాల్సి వచ్చింది. సంస్థ పనితీరును చూడటానికి 22 మంది ఎంపీలతో కమిటీ వేయాలని ఆ చట్టమే చెప్పింది. ఆ కమిటీ కాగితం దాటి రాలేదు.

జర్మనీని చూడండి. అక్కడ దాదాపు ప్రతి ఇల్లూ నెలకు 18.36 యూరోలు ప్రసార రుసుము కడుతుంది. ఎంత కావాలో లెక్కగట్టేది స్వతంత్ర నిపుణుల సంఘం. 2020 చివర్లో ఒక రాష్ట్రం ఈ రుసుము పెంపును అడ్డుకుంటే, మరుసటి ఏడాది ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ అడ్డు తొలగించింది. ప్రసార సంస్థకు నిధులు ఆపడమంటే దాని స్వేచ్ఛను ఆపడమేనని ఆ తీర్పు సారం.

మన దేశంలో ఇంటింటికీ రుసుము వేయమని నేను అడగను. పేదింటి మీద మరో బరువు అక్కర్లేదు. బడ్జెట్ సొమ్మునే ఐదేళ్లకు ఒకేసారి ఖరారు చేయాలి. ఎంతన్నది స్వతంత్ర సంఘం నిర్ణయించాలి. ఖర్చుపై కాగ్ తనిఖీ కొనసాగాలి. చట్టంలో ఉన్న ఎంపీల కమిటీ ఏర్పడాలి.

అసలు ప్రభుత్వ ప్రసారాలే ఎందుకు, మూసేయండి అనేవారూ ఉన్నారు. తుపాను ముంచుకొస్తూ కరెంటు పోయిన రాత్రి తీరంలోని జాలరికి బ్యాటరీ రేడియోయే దిక్కు. ఆదిలాబాద్ కేంద్రం నుంచి వినిపించే గోండీ మాటకు ప్రకటనలు ఎవరిస్తారు? లాభం లేనిచోట ప్రైవేటు చానల్ ఉండదు. అందుకే ఈ గొంతు బతకాలి, స్వేచ్ఛగా బతకాలి.

ఇవాళ పక్షపాతమని గొంతెత్తే ప్రతిపక్షాలను ఒక్కటే అడుగుతున్నాను: మీకు అధికారమొస్తే ఆ తాళంచెవి వదులుకుంటామని ఎన్నికల ప్రణాళికలో రాయండి. ఆ వాక్యం రాసేదాకా మీ ఫిర్యాదు కూడా మీ వంతు కోసం ఎదురుచూపే.