కొత్తగా గెల్డింగ్ అయిన గుర్రాన్ని తెచ్చుకోవచ్చునా?

పశువైద్యుడినని తెలిసిన మన తెలుగు కుటుంబాల నుండి నాకు వచ్చే ఫోనులు సాధారణంగా కుక్కలను గురించినవే. గుర్రాన్ని గురించి ఫోను రావడం 2022 ఆగస్టు వరకు నేనెరుగను. కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ నగరానికి తూర్పున ఉన్న షెల్బీ కౌంటీలో నివసించే ఒక మిత్రుడు ఆ రాత్రి పిలిచి, "అన్నయ్యా, పాప గుర్రం కావాలని పట్టు పట్టింది. సాడిల్‌బ్రెడ్ జాతి. ఏడేళ్ళది. ఊరికే ఇచ్చినంత పని. ఐదు వారాల క్రితమే బీజాలు తీయించారట, ఇక సాధువైపోతుందంటున్నారు. తెచ్చుకోమంటారా?" అని అడిగారు.

సాధువైపోతుందన్న ఆ మాట దగ్గరే నా మనస్సు ఆగింది. ఈ వ్యాసం ఆ మాటను గురించే.

గుర్రాన్ని ఇస్తామన్నది అనాథ గుర్రాలను చేరదీసే ఒక స్థానిక సంస్థ. అటువంటి సంస్థలు ఇక్కడ గుర్రాన్ని అమ్మడమనకుండా దత్తత ఇవ్వడమంటాయి. పుత్రులకు మాత్రమే దత్తతను ఎరిగిన మన చెవులకు ఈ ప్రయోగం కొంత ఎబ్బెట్టుగా తోచినా, ఆలోచిస్తే అందులో అర్థమున్నది. ఇరవై ఏళ్ళ బాధ్యతకు కొనుగోలు అన్న మాట చాలదు. ఇక మగ గుర్రాలను దత్తతకు ఇచ్చేముందు బీజాలు తీయించడం ఈ సంస్థలలో చాలావాటికి ఆనవాయితీ. యజమాని మరణంతో దిక్కులేనిదైన ఈ గుర్రానికి కూడా అదే జరిగింది. బీజాలు తీయించిన మగ గుర్రాన్నే గెల్డింగ్ అంటారు.

సాడిల్‌బ్రెడ్ కెంటకీ నేలలో రూపు దిద్దుకున్న జాతి. నేడు అంతరించిపోయిన నారగాన్సెట్ పేసర్ అనే సుఖగమన జాతి రక్తమూ, థరోబ్రెడ్ రక్తమూ, మోర్గన్ రక్తమూ ఇందులో కలిసినవి. 1891లో లూయీవిల్‌లోనే దీని వంశావళి సంఘం ఏర్పడింది. ఇప్పటికీ ప్రతి ఆగస్టులో కెంటకీ రాష్ట్ర ప్రదర్శనతో పాటు ఈ జాతి ప్రపంచ పోటీలు అక్కడే జరుగుతాయి. ఎత్తిన మెడ, నిక్కిన చెవులు, మోకాలు ఛాతీ దాకా లేచే అడుగు దీని గుర్తులు. నడక, ట్రాట్, కాంటర్ అన్ని గుర్రాలకూ ఉన్నవే. వాటికి అదనంగా ఈ జాతిలో కొన్నింటికి స్లో గెయిట్, రాక్ అనే మరి రెండు నడకలు నేర్పుతారు. అమరకోశం కూడా గుర్రపు నడకలను ఐదుగానే లెక్కించి ధారలన్నది. ఆ ఐదూ ఈ ఐదూ ఒకటే అనబోను గాని, ఐదు నడకల గుర్రమనగానే మన పెద్దలు ముచ్చటపడి ఉండేవారని మాత్రం అనగలను.

ఇక ఆపరేషన్ సంగతి. తిరుపతి పశువైద్య కళాశాలలో చదువు ముగించి గుంటూరు జిల్లాలో ఒక గ్రామీణ పశువైద్యశాలలో పనిచేసిన రోజులలో, దుక్కికి పెట్టబోయే కోడెలకు బీజాలు నొక్కడం నాకు నిత్యకృత్యం. చర్మం కోయకుండానే లోపలి నాళాలను నలిపివేసే బర్డిజో అనే పటకారు మాకు ఆయుధం. నెల తిరగకుండానే కొందరు రైతులు వచ్చి, "అయ్యా, మీరు నొక్కారో లేదో గాని అది ఇంకా పొడవడానికి వస్తూనే ఉన్నది" అని నిష్ఠూరమాడేవారు. అనుభవజ్ఞులైన రైతులు మాత్రం ఆ మాట అనేవారు కారు. మరి కొన్ని నెలలు గడిచేదాకా వారు ఆ కోడెను కాడికి కట్టే ఆలోచనే పెట్టుకునేవారు కారు. వారికి ఎండోక్రినాలజీ తెలియదు, కోడెలు తెలుసు.

గుర్రం విషయంలో శాస్త్రం చెప్పేదీ అదే. మగతనపు హార్మోను టెస్టోస్టెరాన్‌లో అత్యధిక భాగం బీజాలలో తయారవుతుంది. బీజాలు తీసిన ఒకటి రెండు రోజులలోనే రక్తంలో దాని పరిమాణం అడుగంటుతుంది. అంటే నా మిత్రుడు చూడబోయే గుర్రంలో ఆ హార్మోను నెల క్రితమే అడుగంటిపోయింది. అయినా ప్రవర్తన అంత వేగంగా మారదు. ఆ హార్మోను ఏళ్ళ తరబడి మెదడులో నిర్మించిన దారులు ఉన్నాయి. వాటితోపాటు జంతువు నేర్చుకున్న అలవాట్లు ఉన్నాయి. ఆడ గుర్రం వాసన తగలగానే పై పెదవి ఎత్తి గాలి పీల్చడం, కంచె పక్కన మెడ వంచి గంతులు వేయడం, సాటి మగ గుర్రాన్ని చూసి చెవులు వెనుకకు వాల్చడం వారాలు, కొన్నింటిలో నెలల తరబడి సాగుతాయి. పైగా నాళాలలో మిగిలిన వీర్యకణాల వల్ల, ఆపరేషన్ అయిన తరువాత కూడా కొన్ని వారాల పాటు గర్భం కలిగించే అవకాశం పూర్తిగా పోదు. కనుక అంతవరకు ఆడ గుర్రాలతో కలిపి వదలరాదు.

నెలలు గడిస్తే పూర్తిగా మారుతుందా? మారవచ్చు, మారకపోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణపు శాస్త్రజ్ఞులు 1985లో ప్రచురించిన పరిశీలనలో, మూడేళ్ళు నిండిన తరువాత బీజాలు తీయించిన గుర్రాలలో 60 నుండి 70 శాతం వాటిలో దుడుకుతనమూ ఆడ గుర్రాలపై ధ్యాసా సమసిపోయినట్లు తేలింది. మిగిలిన వాటిలో కొంతైనా నిలిచిందన్నమాట. మరింత ఆశ్చర్యకరమైన విషయమేమంటే, రెండేళ్ళు నిండకుండానే చేయించిన వాటిలో కూడా 20 నుండి 30 శాతం గుర్రాలు పోతు గుర్రాల వలె ప్రవర్తించడం కనిపించింది. హార్మోను అన్నింటికీ మూలమైతే ఇలా జరగకూడదు.

ఇక్కడ అశ్వప్రియులలో వినిపించే ఒక అపోహను కూడా ప్రస్తావించాలి. ఆపరేషన్ తరువాత గుర్రం ఇంకా దుడుకుగా ఉంటే, వైద్యుడు బీజానికి అంటి ఉండే నాళపు ముక్కను వదిలేశాడని నిందించడం ఆచారమైపోయింది. ఆ ముక్క టెస్టోస్టెరాన్ తయారు చేయదు. నిజంగా అనుమానించవలసినది వేరొకటి. కొన్ని గుర్రాలలో ఒక బీజం కిందికి దిగక కడుపులోనే దాగి ఉంటుంది. అందుచేత రెండు బీజాలూ తీసినట్లు వైద్యుని లిఖితపూర్వక పత్రం అడగండని నా మిత్రునికి చెప్పాను. పత్రం లేకపోతే రక్తంలో హార్మోన్లను పరీక్షించి తేల్చుకోవచ్చు.

ఇవన్నీ విన్న మిత్రుడు, "అయితే వద్దంటారా?" అన్నారు. అలా అనలేదు. గుర్రాన్ని చూడకుండా ఏ మాటా చెప్పనన్నాను. సెప్టెంబరు మొదటి శనివారం నలుగురం కలిసి వెళ్ళాము.

చూసిన తరువాత నాకు హార్మోన్ల కంటె వేరే విషయమే బలంగా తోచింది. గాయం చక్కగా మానింది, వాపు లేదు. దానిని రోజూ నడిపించినట్లు స్పష్టమే. ఈ ఆపరేషన్ తరువాత గుర్రాన్ని కదలకుండా కట్టివేస్తే చెడునీరు దిగక వాపు పెరుగుతుంది, కనుక నడిపించడం వైద్యంలో భాగమే. వెన్ను కూడా పరిశీలించాను. సాడిల్‌బ్రెడ్ జాతిలో నడుము పల్లంగా వంగిపోయే లక్షణం కొన్ని వంశాలలో వస్తుంది. 2010లో కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి 20వ క్రోమోజోముతో సంబంధమున్నదని గుర్తించారు. ఈ గుర్రానికి ఆ లోపం లేదు. అన్నీ బాగున్నాయి. కాని అది నిలువలేకపోతున్నది. అటూ ఇటూ తూగుతున్నది, చెక్కను కొరుకుతున్నది, మనిషి దగ్గరకు రాగానే ముట్టెతో నెట్టుతున్నది. పాప తల్లి భయపడి, "అన్నయ్యగారూ, ఇదంతా ఇంకా ఆ రక్తం చల్లారకపోవడమేనా?" అన్నారు.

కాదని నా అభిప్రాయం. పోతు గుర్రాన్ని తక్కిన గుర్రాలతో కలవనివ్వక ఒంటరిగా గదిలో ఉంచడం చాలాచోట్ల వాడుక. ప్రదర్శనలకు తయారు చేసే గుర్రాలు కూడా రోజులో అధికభాగం గదిలోనే గడుపుతాయి. ఈ ఏడేళ్ళ గుర్రం ఆ రెండు శిక్షలూ అనుభవించింది. మందలో పెరిగిన పిల్లకు పెద్ద గుర్రాలు చెవి వాల్చీ, కాలు ఝాడించీ నేర్పే మర్యాద దీనికి ఎవరూ నేర్పలేదు. బీజాలు తీయడం అన్నది ఆ మర్యాదను నేర్పదు. అది నేర్చుకునే అవకాశాన్ని మాత్రం కల్పిస్తుంది, ఇకమీదట దానిని ఇతర గెల్డింగులతో కలిపి మేపవచ్చు కనుక. మొదట కంచెకు అవతలినుండి చూపించి, తరువాత శాంతస్వభావం గల ఒకదానితో కలిపి, క్రమంగా మందలోకి వదలాలి. నెలలు పట్టే పని ఇది. ఈ తరగతి ముగియకుండా దానిపై జీను వేసి పదిహేనేళ్ళ పిల్లను కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. సాడిల్‌బ్రెడ్ మనిషిని ప్రేమించే జాతి, తెలివైనది, కాని చురుకు పాలు ఎక్కువ. స్వారీలో రెండేళ్ళ అనుభవమున్న పాపకు మొదటి గుర్రంగా నేను ఎంచేది పన్నెండేళ్ళు దాటిన, లోకం చూసిన గెల్డింగునే.

తిరుగు ప్రయాణంలో పాప వెనుక సీటులోనుండి, "పెదనాన్నా, మనం తీసుకోకపోతే దాన్ని ఏం చేస్తారు?" అని అడిగింది.

అబద్ధం చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ సంస్థ దానిని ఉంచుకుంటుంది, మరొకరి కోసం చూస్తుంది. కాని సంస్థలలో గదులు పరిమితం. ఇది ఆక్రమించిన గది మరొక గుర్రానికి దొరకదు. అమెరికాలో గుర్రాల వధశాలలు 2007లో మూతపడినా, వేలంపాటలలో కొన్న గుర్రాలను ఆ తరువాత కూడా సరిహద్దులు దాటించి మెక్సికోకూ కెనడాకూ మాంసం కోసం తరలిస్తూ వచ్చారు. ఆ సంగతీ చెప్పాను. పాప కిటికీలోనుండి బయటికి చూస్తూ కూర్చున్నది. జాలి తప్పు కాదు. అయితే జాలితో తెచ్చి, భరించలేక ఏడాదికే వదిలించుకునేవారి చేతిలోనుండే చాలా గుర్రాలు ఆ వేలాలకు చేరుతాయి. పసితనపు జాలికి పెద్దల లెక్క తోడు కావాలి.

ఆ లెక్క మన ఇళ్ళలో ఒక ప్రత్యేక కారణం చేత కష్టం. గుర్రం పాతికేళ్ళు, బాగా చూసుకుంటే ముప్ఫయి ఏళ్ళు బ్రతుకుతుంది. ఈ గుర్రానికి ఇంకా పద్ధెనిమిదేళ్ళయినా ఉన్నాయి. పాపకు ఇంట్లో మిగిలినవి మూడేళ్ళు. ఆపైన కళాశాల, ఉద్యోగం, వేరే రాష్ట్రం. మన పిల్లలను పదిహేడు, పద్ధెనిమిదేళ్ళకు దూరపు విశ్వవిద్యాలయానికి పంపడమే జీవితధ్యేయంగా పెట్టుకున్న మనం, అదే పిల్లల కోరిక మీద పాతికేళ్ళ ప్రాణిని తెచ్చుకోవడంలోని వైరుధ్యాన్ని చూడము. 450 కిలోల గుర్రానికి రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుగడ్డి కావాలి. 20 నుండి 40 లీటర్ల నీరు కావాలి. ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించాలి, ఏటా పళ్ళు అరగదీయించాలి, టీకాలు వేయించాలి. సొంత మేత భూమి లేకపోతే ఇంకొకరి శాలలో ఉంచడానికి నెలనెలా అద్దె. దత్తత రుసుము వీటి ముందు లెక్కలోకి రాదు. (ఇంట్లో ఉలవలున్నాయి కదా పెట్టవచ్చునా అని పాప తల్లి అడిగారు. గుర్రానికి ఉలవలు మనవైపు పెట్టేవే. అయితే ఈ గుర్రం జన్మలో వాటి రుచి ఎరుగదు, హఠాత్తుగా మేత మారిస్తే కడుపునొప్పితో ప్రాణం మీదికి వస్తుంది. ఉలవచారు మనమే తాగుదామన్నాను.)

అందుచేత నేను చెప్పిన సలహా ఇది: ఇప్పుడు అవుననవద్దు, కాదనవద్దు. మూడు నెలల గడువు అడగండి. ఆ గడువులో దానిని గెల్డింగుల మందలో వదలమనండి. మీరు నెలకొకసారి, చెప్పకుండా, వేరువేరు వేళల్లో వెళ్ళి చూడండి. మేత వేళ చూడండి, ఆడ గుర్రాలు పక్క పొలంలో ఉన్నప్పుడు చూడండి, ఒంటరిగా ఉన్నప్పుడు చూడండి. చివరగా, ఒప్పందం మీద సంతకం పాప కోసం కాక, పాప వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ గుర్రం దగ్గరకు వెళ్ళగలిగినవారే చేయండి. అటువంటివారు ఇంట్లో లేకపోతే ఆ గుర్రాన్ని తెచ్చుకోవద్దు, ఎంత అందంగా ఉన్నా సరే.

మిత్రుడు ఈ చివరి మాటకు కొంత నొచ్చుకున్నారు. పదిహేను రోజులు ఫోను చేయలేదు. తరువాత తెలిసినదేమంటే, యాభై రెండేళ్ళ వయస్సులో, జీవితంలో ఎన్నడూ గుర్రాన్ని తాకని ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రతి ఆదివారం ఉదయం ఆ సంస్థకు వెళ్ళి పేడ ఎత్తుతున్నారట. నవంబరు నాటికి గుర్రం ఒక ముసలి గెల్డింగు పక్కన నిలిచి మేయడం నేర్చింది. ఆడ గుర్రాలను చూస్తే ఇంకా ఒకసారి తలెత్తి సకిలిస్తుంది, అంతటితో మళ్ళీ గడ్డి మీదికి వంగుతుంది. ఆరు నెలల పరీక్షా కాలానికి ఆయన తన పేరుమీదనే సంతకం చేశారు. పాప ఇప్పటికి దానిని ఎక్కలేదు, పగ్గం పట్టి నడిపిస్తున్నది. గిట్టలు శుభ్రం చేసే పని తండ్రిది. మూడు కాళ్ళు అడిగిన వెంటనే ఇస్తున్నదట. కుడి వెనుక కాలు మాత్రం ఇంకా ఇవ్వడం లేదని, దానికేమి చేయాలో చెప్పమని మొన్న ఫోను చేశారు.