మాటయు వినికిడియు నేర్వదగిన విద్యలే

“నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది” అని మన పెద్దలంటారు. ఈ సామెతను మనం సాధారణంగా మృదుభాషణకే అన్వయించుకుంటాం. కాని ఉద్యోగస్థలంలో మంచి నోరు అంటే అవసరమైన నిజాన్ని సకాలంలో, స్పష్టంగా, మర్యాద తప్పకుండా చెప్పగల నోరు. దానికి జతగా ఆ మాటను ఆలకించే చెవి కూడా ఉండాలి. ఈ రెండూ పుట్టుకతో రావలసినవే గాని శిక్షణతో అబ్బవని పలువురి అభిప్రాయం. అది సరికాదని విమానయాన చరిత్ర చెబుతున్నది.

1977 మార్చి 27న కానరీ దీవులలోని టెనెరిఫె విమానాశ్రయంలో, దట్టమైన పొగమంచులో, రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీద ఢీకొన్నాయి. 583 మంది మరణించారు. ఒక విమానపు కెప్టెన్ అనుమతి లభించక ముందే బయలుదేరాడు. ఎదుటి విమానం ఇంకా దారి తొలగలేదేమోనని అతని ఫ్లైట్ ఇంజనీరు సందేహం వెలిబుచ్చాడు. ఎందరికో శిక్షణ ఇచ్చిన ఆ కెప్టెన్ తొలగిందని గట్టిగా చెప్పడంతో ఆ సందేహం అంతటితో అణగిపోయింది. ప్రమాదానికి ఇతర కారణాలు లేకపోలేదు. అయినా ఆ ప్రశ్న మరొక్కసారి వినిపించి ఉంటే అన్న వేదన మిగిలిపోయింది.

ఇట్టి ప్రమాదాలను పరిశీలించిన మీదట 1979లో అమెరికాలోని నాసా సంస్థ ఒక సదస్సు జరిపింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన సిబ్బందికి శిక్షణ ప్రారంభించింది. క్రిందివారు సందేహాన్ని ఎట్లు వ్యక్తపరచాలి, పైవారు దానిని ఎట్లు అడిగి తెలుసుకోవాలి అన్నవి అందులో ముఖ్యాంశాలు. 1989 జూలై 19న అదే సంస్థ విమానమొకటి గాలిలో ఉండగా తోక ఇంజను పగిలి, నియంత్రణ వ్యవస్థ పూర్తిగా దెబ్బతిన్నది. కెప్టెన్ ఆల్ హేన్స్ తన సహచరుల సలహాలను, ప్రయాణికుడుగా వచ్చిన మరొక పైలట్ సహాయాన్ని సంకోచం లేకుండా స్వీకరించాడు. విమానంలోని 296 మందిలో 184 మంది బ్రతికారు. దీనిలో ఆ శిక్షణ పాత్ర ఎంతో ఉన్నదని ఆయనే చెప్పుకున్నాడు.

ఇక మన సంగతి. “చిత్తం” అన్నా, “జీ హుజూర్” అన్నా మన ఇరుభాషలలోనూ విధేయతకు మాటల కొరత లేదు. కాని వినయంతో విభేదించడానికి కావలసిన మాటలు కూడా ఆ భాషలలోనే ఉన్నాయి. “మన్నించండి, ఒక మనవి” అని తెలుగువారు, “గుస్తాఖీ మాఫ్” అని ఉర్దూవారు మొదలుపెట్టే వాక్యం గౌరవాన్ని నిలుపుతూనే పొరపాటును ఆపగలదు. మౌనమే మర్యాద అనుకొనడం మన భాషలకే అన్యాయం.

నేడు మాటల శిక్షణ అనగానే ఆంగ్లంలో ఇంటర్వ్యూకు సిద్ధం చేయడమే అని తలుస్తున్నారు. ఆంగ్లం అవసరమే, కాదనను. అయితే ఉద్యోగం దొరికిన మరునాటి నుండి కావలసినది వేరు. 2017లో తెలంగాణ రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయినది. కార్యాలయపు కిటికీ ముందు నిలిచిన వ్యక్తి గోడును అతని భాషలో విని, పై అధికారికి వేరొక భాషలో తప్పు లేకుండా విన్నవించగల యువకులు మన కళాశాల నుండి కాక మరెక్కడి నుండి రావాలి?

కనుక వారానికొక గంట ఈ అభ్యాసానికి కేటాయించవలసిందిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాను. విన్నదానిని తిరిగి చెప్పి సరిచూచుకొనడం, పెద్దల ఎదుట సందేహాన్ని నిలబెట్టడం, ఒకే సూచనను రెండు భాషలలో ఇవ్వడం — ఈ మూడింటికి భవనాలు అక్కరలేదు, ధనమూ అక్కరలేదు. అయితే ఒక నియమం. ఈ తరగతిలో అధ్యాపకులు, కార్యాలయ సిబ్బంది కూడా కూర్చోవాలి. వినేవారు మారనిదే చెప్పేవారికి ధైర్యం రాదు.

విద్యార్థి మిత్రులారా! వినయాన్ని విడనాడకండి, దానికి వాక్కును కూడా ఇవ్వండి.