ఎనిమిది ఇళ్లను అడిగి మండలం ఆదాయం చెప్పగలమా?

డేటా ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్నారా? అయితే ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి. ఒక మండలంలో సర్వే వాళ్లు కలిసింది ఎనిమిది కుటుంబాలనే అనుకుందాం. వాటి సగటు నెల ఆదాయం రూ.20 వేలు. మండలం సగటు కూడా 20 వేలే అని రిపోర్టులో రాసేస్తారా?

రాస్తే చిక్కే. ఆ ఎనిమిదిలో ఒక్క ఇల్లు రైస్ మిల్లు ఓనర్‌ది అయితే చాలు, పేద మండలం కాస్తా కాగితం మీద కలిగిన మండలం అయిపోతుంది. ఆ అంకె చూసి నిధులు పంచితే నష్టపోయేది మిగతా ఊళ్లే.

ఇది ఊహ కోసం చెప్పిన ఉదాహరణే కానీ, సమస్య మాత్రం నిజం. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే దేశం మొత్తం మీద 2,61,953 కుటుంబాలను కలిసింది. రాష్ట్రానికి ఈ శాంపిల్ సరిపోతుంది. మండలాలకు విడగొడితే మాత్రం కొన్నిచోట్ల గుప్పెడు ఇళ్లు, కొన్నిచోట్ల సున్నా.

దీనికి మందు ‘స్మాల్ ఏరియా ఎస్టిమేషన్’. అమెరికాలో వెయ్యి మంది కూడా లేని ఊళ్ల తలసరి ఆదాయం లెక్కకట్టడానికి ఫే, హెరియట్ అనే ఇద్దరు 1979లో ప్రచురించిన పద్ధతి దీనికి పునాదుల్లో ఒకటి. శాంపిల్ సగటును ఒక్కదాన్నే నమ్మకుండా, పన్ను రిటర్నులు, ఇళ్ల విలువల వంటి సమాచారంతో మోడల్ కట్టి రెండింటినీ కలిపారు.

మన మండలానికే వద్దాం. మోడల్ అంచనా రూ.14 వేలు అనుకోండి. శాంపిల్ చిన్నది కాబట్టి దానికి పావు వంతు, మోడల్‌కు ముప్పావు వంతు వెయిటేజీ ఇస్తే జవాబు రూ.15,500. శాంపిల్ పెరిగేకొద్దీ దాని మాటకు విలువ పెరుగుతుంది. ఈ వెయిటేజీ మన ఇష్టానికి వేసేది కాదు, శాంపిల్‌లో, మోడల్‌లో ఉన్న తేడాల నుంచి లెక్కకట్టేది.

ఈ రంగానికి ప్రామాణిక గ్రంథం 2003లో రాసిన జె.ఎన్.కె. రావు మన ఏలూరులో పుట్టినవారే. కెనడాలోని కార్ల్‌టన్ యూనివర్సిటీలో పనిచేశారు.

అలాగని మోడల్ మంత్రదండం కాదు. మన జనగణన 2011 తర్వాత చాలా ఏళ్లపాటు జరగలేదు. ఈలోగా తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాల సరిహద్దులు మారిపోయాయి. పాత లెక్కల్ని కొత్త హద్దులకు సర్దకుండా మోడల్‌లో పోస్తే, అందమైన మ్యాప్ వస్తుంది కానీ నిజం రాదు. అందుకే ప్రతి అంచనా పక్కన దాని ఎర్రర్ కూడా చూపించాలి.

2026లో తొలిసారి జాతీయ స్థాయిలో గృహ ఆదాయ సర్వే చేపడతామని కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించింది. ఇలాంటి డేటాను అర్థం చేసుకునేవాళ్ల అవసరం ప్రభుత్వ శాఖల్లోనూ, పరిశోధన సంస్థల్లోనూ ఉంటుంది. స్టాటిస్టిక్స్ చదివినవాళ్లకు ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ పరీక్ష ఎలాగూ ఉంది. బీటెక్ వాళ్లు శాంప్లింగ్, రిగ్రెషన్ గట్టిగా చదివి, ‘ఆర్’ సాఫ్ట్‌వేర్‌లోని ‘ఎస్ఏఈ’ ప్యాకేజీతో మొదలుపెట్టొచ్చు. ఫ్రీయే.

కోడ్ రాయడం చాలామందికి వచ్చు. ‘ఈ ఎనిమిది ఇళ్లు చాలవు’ అని చెప్పి, ఎందుకో వివరించగలిగేవాళ్లు తక్కువ. ఆ కొద్దిమందిలో మీరూ ఒకరు కండి.