తెర నల్లబడితే ఫార్మాట్ కొట్టేయాలా?

హాస్టల్లో ఒక మాట బాగా నడుస్తుంది: "గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న సిస్టమ్‌లో లైనక్స్ వేస్తే స్క్రీన్ నల్లబడుద్ది మావా, విండోస్‌కి వచ్చెయ్." నేను దీన్ని ఒప్పుకోను. స్క్రీన్ నల్లబడటం నిజమే. కానీ అందులో సగం విండోస్ నుంచి మనం మోసుకొచ్చిన అలవాటు వల్లే.

ఆ అలవాటేంటంటే, కంపెనీ సైట్‌కి వెళ్ళి డ్రైవర్ ఫైల్ దించుకుని రన్ చేసేయడం. ఎన్విడియా డ్రైవర్ అలా వేసినా ఆ రోజుకి పనిచేస్తుంది. గొడవంతా తర్వాతే. డ్రైవర్‌లో ఒక ముక్క కెర్నెల్ మాడ్యూల్. ఏ కెర్నెల్ కోసం కంపైల్ అయిందో దానికే అతుకుతుంది. కొన్నాళ్ళకి అప్‌డేట్‌లో కొత్త కెర్నెల్ వస్తుంది. మాడ్యూల్‌ని మళ్ళీ కంపైల్ చేసే డీకేఎంఎస్ లాంటి ఏర్పాటు లేకపోతే రీస్టార్ట్ చేయగానే చీకటి. అందుకే ఉబుంటులో అయితే "అడిషనల్ డ్రైవర్స్" కిటికీ తెరిచి అక్కడున్నదే వేసుకోవాలి. కెర్నెల్ మారినప్పుడు మాడ్యూల్ సంగతి అదే చూసుకుంటుంది. వెర్షన్ కాస్త పాతదైతే కొంపలేం మునగవు.

రెండో చోటు సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని కెర్నెల్ లోపలికి రానివ్వదు. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడిగిందంటే, రీస్టార్ట్‌లో నీలం స్క్రీన్ వస్తుంది. కొన్ని సెకన్లే ఉంటుంది, ఆలోపే ఏదో ఒక కీ నొక్కాలి. "ఎన్రోల్ మోక్" ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. చాలామంది "కంటిన్యూ బూట్" నొక్కేసి, కార్డే పాడైందనుకుంటారు. సెక్యూర్ బూట్ ఆపేయమని చెప్పే వీడియోలు బోలెడు. తాళం చెవి ఇస్తుంటే తలుపే పీకేయడం ఎందుకో నాకర్థం కాదు.

మిగతా సగం మాత్రం ఎన్విడియాదే, అది మనమీద వేసుకోనక్కర్లేదు. ఏళ్ళ తరబడి డ్రైవర్ కోడ్ మూసే ఉంచింది. నూవో అనే ఓపెన్ డ్రైవర్ రాసినవాళ్ళు కార్డు ఎలా పనిచేస్తుందో రివర్స్ ఇంజనీరింగ్‌తో తవ్వుకోవాల్సి వచ్చింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ సభలో లైనస్ టోర్వాల్డ్స్ ఆ కంపెనీకి కెమెరా ముందే మధ్యవేలు చూపించాడు. 2022 మేలో కెర్నెల్ మాడ్యూల్స్ సోర్స్ బయటపెట్టారు, అదీ ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకే. కుడా లైబ్రరీలు ఇంకా మూతలోనే ఉన్నాయి. ఏఎండీ డ్రైవర్ అయితే కెర్నెల్‌లోనే ఉంటుంది, మామూలు డెస్క్‌టాప్ పనికి విడిగా ఏమీ వేయక్కర్లేదు. ఉత్త డెస్క్‌టాప్ కోసమే కొంటుంటే నా ఓటు దానికే. మోడల్స్ ట్రైన్ చేయాలంటే మాత్రం మన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం కుడా మీదే కూర్చున్నాయి, తప్పదు.

నా బాధల్లా, ఆ చీకటి చూసి ఫస్టియర్ వాళ్ళు "లైనక్స్ మనవల్ల కాదు" అని తేల్చేసుకోవడం, రివ్యూ ముందురోజు రాత్రి డేటాతో సహా ఫార్మాట్ కొట్టేయడం. స్క్రీన్ నల్లగా ఉన్నా చాలాసార్లు లోపల మెషిన్ బతికే ఉంటుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే టెక్స్ట్ లాగిన్ రావచ్చు. అక్కడినుంచి డ్రైవర్ తీసేసి మళ్ళీ వేయొచ్చు. రాకపోతే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్ళి పాత కెర్నెల్‌తో బూట్ చేయండి. మెనూ కనిపించకపోతే ఆన్ అవగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కి చూడండి. కంగారులో టకటకా కొట్టారంటే గ్రబ్ కమాండ్ లైన్‌లో పడతారు, అది ఇంకో కథ.