గాలా... మాటా?

ప్రజాభిప్రాయ సేకరణను జపాన్‌లో 'యొరోన్ చోసా' అంటారు. ఒకప్పుడు అక్కడ 'యొరోన్' అంటే జనం ఆలోచించి చెప్పే మాట. 'సెరోన్' అంటే అప్పటికప్పుడు వీచే గాలి. 1946లో వాడుక అక్షరాల జాబితాను కుదించినప్పుడు 'యొరోన్'లోని ఓ అక్షరానికి చోటు దక్కలేదు. దాంతో రెంటినీ ఒకేలా రాయడం అలవాటై, తేడా చెరిగిపోయింది.

ఆ తేడా మన సర్వేలకూ అందదు. 2009లో సిరిసిల్లలో కేటీఆర్ 171 ఓట్లతో గెలిచారు. వెయ్యిమందిని అడిగే సర్వేలో మూడు శాతం అటూఇటూ కావడం మామూలే. ఇక 171 ఓట్లు ఏం కనపడతాయి? తెలంగాణ కోసం రాజీనామా చేసి 2010 ఉపఎన్నికలో నిలబడితే, అదే ఊళ్లో ఆధిక్యం 68 వేలు దాటింది.

జగిత్యాల, కోరుట్ల రైతులైతే ఎవరో వచ్చి అడిగేదాకా ఆగలేదు. ఆ రెండు నియోజకవర్గాలున్న నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 2019లో 185 మంది పోటీపడితే, అందులో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్. 2025 జనవరిలో నిజామాబాద్‌లో బోర్డు మొదలైంది.

ఈసారి సర్వేవాళ్లు తలుపు తడితే 'ఎవరికి?' అన్నదానితో సరిపెట్టనివ్వకండి. 'ఎందుకు?' అని కూడా అడగమనండి!