పుర్రె దొరకని కోటసారస్

హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ సెంటర్‌కు వచ్చే కుటుంబాలు తారామండలం చూసి, పనిలో పనిగా డైనోసారియంలోకీ వెళ్తాయి. 2000లో తెరిచిన ఆ విభాగంలో 40 అడుగులు దాటిన అస్థిపంజరం నిలబడి ఉంటుంది. పిల్లలు నోరెళ్లబెట్టి చూస్తారు, పెద్దలు ఫొటోలు తీస్తారు, కాసేపటికే అందరూ బయటికి నడుస్తారు. అక్కడ గంటసేపైనా ఆగాలి. ఎందుకంటే అది సినిమాల్లో చూసిన పరాయి జంతువు కాదు, ప్రాణహిత-గోదావరి లోయలో తిరిగినది.

దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తవ్వకాల్లో 12 జంతువులకు చెందిన 840 ఎముకలు బయటపడ్డాయి. పి.యాదగిరి 1988లో దాన్ని శాస్త్రలోకానికి ఆ పేరుతో పరిచయం చేశారు. జురాసిక్ యుగం నాటిది, వయసు 16 కోట్ల ఏళ్ల పైమాటే.

ఇన్ని ఎముకలు దొరికినా పుర్రె మాత్రం దొరకలేదు. రెండు పళ్లు దొరికాయంతే. అంటే మ్యూజియంలో కనిపించే తల శాస్త్రవేత్తల అంచనా. ఈ ముక్క పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఏది అసలు ఎముక, ఏది నింపిన భాగం, ఏది ఊహ అని ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించాలి. చిన్న పిల్లలకు ఇది అర్థం కాదని కొందరు అంటారు. నిజానికి ‘మరి మీకెలా తెలుసు?’ అని ముందుగా అడిగేది వాళ్లే.

శిలాజం ఎలా ఏర్పడుతుందో కూడా అక్కడే చెప్పొచ్చు. చచ్చిన జంతువు మీద ఏటి ఒండ్రు త్వరగా కప్పుకుంటే ఎముక చెదిరిపోదు, కుళ్లిపోదు. భూమిలోని నీరు మోసుకొచ్చిన ఖనిజాలు దాని సూక్ష్మరంధ్రాల్లో పేరుకుని, లక్షల ఏళ్లకు అది రాయిలా గట్టిపడుతుంది. చచ్చిన జంతువుల్లో ఏ కొన్నింటికో దక్కే యోగమిది.

ఈ లోయలో దొరికిన మరో పెద్ద డైనోసార్ బరపాసారస్ టాగోరీ. 1975లో పేరు పొందిన ఆ జంతువు అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియంలో ఉంది. రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాది 1961లో ఎముకలు తవ్వారు కనుక ఆయన పేరు పెట్టారు. పరిశోధన కోసం శిలాజాలు నగరాలకు తరలడంలో తప్పు లేదు. కానీ దొరికిన చోట కనీసం నకళ్లైనా ఉండాలి. గుజరాత్‌లో బాలాసినోర్ దగ్గరి రైయోలీలో ఎముకలు, గుడ్లు బయటపడ్డ ఊళ్లోనే 2019లో మ్యూజియం తెరిచారు. ప్రాణహిత తీరానికీ అలాంటిదొకటి కావాలి. చేత్తో తడిమి చూసే అచ్చులు, తెలుగులో వివరించే మనుషులు, పక్కనే రాతిపొరల దగ్గరికి నడిపించే దారి ఉంటే చాలు.

శిలాజ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ఒక బిల్లు ముసాయిదా విడుదల చేసింది. చట్టం ఎంత గట్టిదైనా, ముందుగా ఎముకను చూసేది పశువుల కాపరో రైతో. వింత రాయి కనబడితే పెకలించి ఇంటికి తేకుండా, ఉన్నచోటే ఉంచి ఫొటో తీసి, జియలాజికల్ సర్వేకు కబురు చేయాలని ఆ ఊళ్లలో చెప్పి ఉంచాలి. ఏ పొరలో ఉందో తెలియకపోతే దాని వయసు తేల్చడం చాలా కష్టం.