పింఛను ఎవరి గడప దగ్గర అందాలి?

సామాజిక పింఛన్ల సొమ్మును ఏ బ్యాంకు ఖాతా నుంచి ఎలా మళ్లించాలన్నది లెక్కల గుమాస్తాల వ్యవహారమని మన రాజకీయ పక్షాల నమ్మకం. కర్నూలు, కడప పల్లెలను ఎరిగినవారికి అది కులం వ్యవహారం కూడా. ఊరికీ వాడకూ నడుమ ఉన్న దూరాన్ని ఆ డబ్బు ఎవరి చేతిమీదుగా దాటుతుందన్నదే నా ప్రశ్న.

ఆదోని దిక్కున ఒక పల్లెలో పాత పద్ధతిని చూశాను. నెల మొదట్లో ఊరి నడిబొడ్డున రచ్చకట్ట మీద పింఛన్లు పంచేవారు. పిలిచే పేర్లలో మాదిగవాడది చివరి వంతు. ఆ వాడ ముసలమ్మలు కట్ట ఎక్కేవారు కాదు. ఎవరూ వద్దనరు, ఎవరూ రమ్మనరు. గోడవార కూర్చుని, వంతు వచ్చాక దోసిలి పడితే నోట్లను పైనుంచి జారవిడిచేవారు. చేతివాటం పోను మిగిలిందెంతని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

2010 తర్వాత వేలిముద్రలతో నడిచే స్మార్ట్ కార్డులు ఈ రెండు జిల్లాలతో సహా ఎనిమిదింటిలో విస్తరించాయి. ప్రభుత్వం నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి సాంకేతిక సేవల సంస్థకు, అక్కడినుంచి ఊళ్లోని చెల్లింపు ప్రతినిధికి నగదు చేరేది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో జరిపిన అధ్యయనం ఉపాధి కూలి త్వరగా అందిందనీ, మధ్యలో కాజేయడం తగ్గిందనీ తేల్చింది. దాన్ని యంత్రం ఘనతగానే చెప్పుకుంటున్నాం. నా దృష్టి ఆ పథకంలోని మరో నిబంధన మీద ఉంది. చెల్లించే వ్యక్తి ఆ ఊరి మహిళే కావాలి, స్వయం సహాయక సంఘ సభ్యురాలై ఉండాలి, ఊరి అధికారులకు బంధువు కారాదు, వీలైతే అణగారిన కులాలకు చెందినదై ఉండాలి. పెద్దకులపు ముసలాయన సైతం తన పింఛను కోసం మాలవాడ ఆడబిడ్డ ముందుకు వచ్చి వేలు పెట్టవలసిన స్థితి అది. ‘వీలైతే’ అన్న మాట చాటున ఎన్ని చోట్ల తప్పించుకున్నారో ఊహించడం కష్టం కాదు. అయినా నియమం సరైనది. తర్వాతి ఏర్పాట్లలో యంత్రం మిగిలింది, ఆ నియమం ఊసు లేకుండా పోయింది.

కులాన్ని తప్పుడు చోట తెచ్చి పెట్టిన సందర్భమూ ఉంది. 2021 మార్చిలో కేంద్రం ఉపాధి హామీ కూలిని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు పద్దులుగా చీల్చి చెల్లించమంది. ఒకే గుంట తవ్వినవారికి వేర్వేరు రోజుల్లో కూలి పడింది. పని దగ్గర అనుమానాలు పుట్టాయి. ఆ ఏడాది ముగిసేలోగా కేంద్రం వెనక్కి తగ్గింది. దళితుల వాటా లెక్క తేలాలంటే ఖర్చును విడిగా రాసుకోవచ్చు. కూలిని విడదీయనక్కర లేదు. ఖాతా అందరికీ ఒకటే ఉండాలి, చెల్లించే చోటు మాత్రం వాడకు రావాలి.

2020 ఫిబ్రవరిలో వాలంటీర్లు ఇంటికే పింఛను తెచ్చారు. వారి పార్టీ విధేయతపై విమర్శలు ఎన్ని ఉన్నా, వాడ ముసలమ్మ రచ్చకట్ట దగ్గర చేయి చాచే అవసరం తప్పింది. 2024 ఎన్నికల వేళ వాలంటీర్లను పక్కన పెట్టి, మే నెల పింఛన్లను ఎక్కువమందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. ఖాతాలో డబ్బు పడితే చేతికి వచ్చినట్టేననుకున్నవారు మండల కేంద్రంలోని బ్యాంకుల ముందు, మే ఎండలో ఆ వరుసలను చూసే ఉంటారు. జులై నుంచి సచివాలయ ఉద్యోగులు రూ.4,000 ఇంటికి తెస్తున్నారు. మంచిదే. కానీ ఇది ప్రభుత్వాల దయమీద నడుస్తోంది తప్ప హక్కుగా స్థిరపడలేదు. పొదుపు పేరు చెప్పి రేపు మళ్లీ బ్యాంకు దారి చూపరన్న హామీ ఏదీ?

డప్పు కళాకారుడికీ, చర్మకారుడికీ ఇచ్చే పింఛను పేరులోనే వారి కులం ఊరందరికీ తెలిసిపోతుంది. అలాంటివాడు దాన్ని ఎక్కడ నిలబడి అందుకోవాలన్నది చిన్న విషయమా?

ఖాతాలే ఖాయమైతే ప్రతి వాడలో ఒక చెల్లింపు కేంద్రం ఉండాలి. దాన్ని ఆ వాడ మహిళే నడపాలి, ఆమె కమీషను నెలనెలా పడాలి. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్లు మోసి మోసి వేళ్ల గీతలు అరిగినవారు ఎందరో. యంత్రం మూడుసార్లు కాదన్నప్పుడు, సాక్షి సంతకంతో అక్కడే డబ్బు ఇచ్చే అధికారం ఆమెకు రాతపూర్వకంగా ఉండాలి.